శనివారం మిగిలిన ఇనుము

మా వీధిలో ఎవరూ పారేసినవి ఏరుకోరు. ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే ఊరు మా పావగడ; దాని బజారులో అంగళ్లున్న కుటుంబాలు, సొంత ఇళ్లు, వాకిట్లో కల్లాపి, ముగ్గు. ఏరుకోవడం ఎవరో వేరేవాళ్లు చేసే పని. మా వీధివాళ్లు చేసేది అడ్డం తీయడం.

అడ్డం తీయడం ఎలాగో చెబుతాను. ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతూ గోడ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వదిలేశారనుకోండి. మొదట ఒకావిడ బయటికొచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏంది ఇది, దోవకడ్డంగా పారేసినారు, బుద్ధుండాదా వీళ్లకు" అని ఎదురుగా ఎవరూ లేకపోయినా తిడుతుంది. ఈ తిట్టడం ముఖ్యం. తిట్టిన మనిషికి ఆ వస్తువు మీద ఆశ ఉందని ఎవరూ అనలేరు. తర్వాత కాలితో దాన్ని పక్కకు తోస్తుంది. ఆ పక్క ఎప్పుడూ తన గేటు పక్కే. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే కుర్చీ గేటు లోపల ఉంటుంది. సాయంత్రానికి దాని మీద పసుపునీళ్లు చల్లి, తోమి, ఆరబెట్టి ఉంటారు. కొన్నాళ్లకు మనం వాళ్లింటికి పోతే అదే కుర్చీలో కూర్చోబెట్టి, బెంగళూరులో ఉన్న చెల్లెలు పంపిందని చెబుతారు. మనం "ఔనా" అనాలి. ఎందుకంటే వాళ్లు మనింటికి వచ్చినప్పుడు మన టీపాయ్ హైదరాబాదు నుంచి వచ్చి ఉంటుంది.

ఈ విద్యలో మా అత్త అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. మాది స్టీలు సామాన్ల అంగడి. నేల నుంచి కప్పు దాకా కొత్త గిన్నెలు మెరుస్తూ ఉంటాయి. వాటిలోంచి ఒక్క గ్లాసు ఇంటికి తెచ్చుకుందామంటే ఆమెకు ప్రాణం పోయినంత పని. అవి అమ్మకానికి. ఎవరో వదిలేసి పోయిన సొట్ట గిన్నెను మాత్రం వేలితో కొట్టి చూసి, "గట్టి సరుకు, ఇప్పుడు ఇట్లాటివి యాడొస్తాయి" అని మురిసిపోతుంది. మా వంటింట్లో ఒక చెంచాకూ ఇంకో చెంచాకూ పోలిక ఉండదు. మా స్నానాలగదిలో అద్దం మీద ఎవరి పాపాయో అంటించిన సీతాకోకచిలుక బొమ్మ ఇంకా అలాగే ఉంది. కోడలిగా వచ్చిన కొత్తలో ఇవన్నీ చూసి నవ్వుకునేదాన్ని. పోనుపోను నవ్వు పోయి ఒళ్లుమంట మిగిలింది.

సోలార్ పార్కు వచ్చాక మా వీధికి పండగే పండగ. తిరుమణి వైపు నేలంతా ఎండతో కరెంటు తీసే పలకలు పరిచారు. వాటి పనికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చి మా ఊళ్లో అద్దెలకు దిగారు. వాళ్ల ఉద్యోగాలు ఎంత గబుక్కున వచ్చేవో అంత గబుక్కున పోయేవి. ఇక్కడ పని అయిపోయిందంటే ఇంకో రాష్ట్రానికి ప్రయాణం. బండిలో పట్టినంత పట్టించుకుని మిగతాది గోడ పక్కన వదిలేసి పోయేవాళ్లు. వాళ్లను మా వీధి సోలారోళ్లు అనేది. వాళ్ల తిండిని, వాళ్ల ఆడవాళ్లు కట్టుకునే బట్టలను, వాళ్లు మాట్లాడే కన్నడాన్ని వెక్కిరించేది. వాళ్లు వదిలేసిన బకెట్లతో తలంట్లు పోసుకునేది.

అయినా మా వీధికి నీతి లేదనకూడదు. నియమాలున్నాయి. పరుపు ముట్టరు, దాని మీద ఎవరు పోయారో తెలియదు కదా. చీపురు, చెప్పులు ముట్టరు. అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటుంది. శనివారం నాడు ఇనుము ఇంట్లోకి తేకూడదు. శనిమహాత్ముడి ఊరు మాది. ఆయన దర్శనానికి ఎంతెంత దూరాల నుంచో జనం వస్తారు. వాళ్లు దండం పెట్టుకుని వెళ్లిపోతారు, రోజూ ఆయన కళ్ల ముందు మెలిగేది మేం. అందుకని శనివారం మేకు కూడా కొనం. మరి మన అంగడి శనివారం కూడా తెరిచే ఉంటుందే అని ఒకసారి మా అత్తను అడిగాను. "స్టీలు ఇనుమెట్లయితాది? స్టీలు స్టీలే" అని తేల్చేసింది. అంగడి మూయాల్సి వచ్చే శాస్త్రం మా ఇంట్లో చెల్లదు.

ఇక నిజంగా ఏరుకుని బతికే మనిషి ఒకామె ఉండేది. రాయచెర్లు పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది, చంకలో మడిచిపెట్టిన గోనెసంచితో. ఒకప్పుడు వేరేవాళ్ల చేలల్లో కూలికి పోయేది. ఆ చేలమీద పలకలు లేచాయి. చేను గలవాళ్లకు కౌలు వస్తుంది. కలుపు తీసిన చేతులకు కౌలెవరిస్తారు? పలకలు కడిగే పని కొందరికి దొరికింది, ఆమెకు దొరకలేదు. ఊళ్లో మిగతా వీధులకు పాతసామాన్లు ఏరేవాళ్లు ముందునుంచే ఉన్నారు, ఒకరి వీధిలోకి ఒకరు రారు. ఆమె వాటాకు వచ్చింది మా వీధి, దాని వెనక ఉన్న సందు. ఇక్కడ కాలు పెట్టనీకపోతే ఆమెకు ఆ గోనెసంచి విప్పే చోటే లేదు.

ఆమెకు అడక్కుండా తీసే అలవాటు లేదు. మోరీ కాలవ పక్కన పడున్న తుప్పు డబ్బానైనా సరే, గేటు దగ్గర నిలబడి, "అమ్మా, ఇది పారేసినేదేనా?" అని అడిగేది. "ఉండు, చూస్తాము" అనేవాళ్లు మావాళ్లు. చూడటమంటే, పనికొచ్చేది లోపలికి పోయాక మిగిలింది ఆమెకు వదిలేయడం. పైగా ఆమె వెనక్కి తిరగ్గానే, "కండ్లు చూడు ఎట్ల తిప్పుతాందో, అన్నీ చూసిపెట్టుకుంటాది" అనేవాళ్లు. అడిగి తీసుకునేది దొంగ అయింది, అడక్కుండా తీసుకునేవాళ్లు గృహస్థులు.

మా ఎదురింట్లో ఉత్తరాదివాళ్లు అద్దెకుండేవాళ్లు. మొగుడు సోలార్ కంపెనీలో ఇంజినీరు, పెళ్లాం, చిన్న పాప. ఇంటి యజమాని బెంగళూరులో ఉంటాడు. దీపావళి దగ్గరికొస్తున్న ఒక శనివారం పొద్దున వాళ్ల సామానంతా వీధిలోకి వచ్చింది. ఇనుప మంచం, బీరువా, ప్లాస్టిక్ కుర్చీలు, డబ్బాలు, పెనం, బాండలి, మిక్సీ, తివాచీ, పాప సైకిలు, అన్నీ గోడవారగా పెట్టి, ఇంటికి తాళం వేసి, ముగ్గురూ కారెక్కి వెళ్లిపోయారు.

వాళ్ల ఊళ్లలో దీపావళికి ఇల్లు దులిపి రంగు వేసుకుంటారట. లోపల తామే రంగు పూసి, గోడలు ఆరేలోపు గుడికి పోయి, హోటల్లో భోంచేసి వద్దామని బయల్దేరారు. ఎవరికీ చెప్పలేదు, ఇందులో చెప్పేదేముందని. మాకు ఇల్లు దులపడమంటే ఉగాదికే. ఉగాది ముందు వీధిలో బీరువా కనిపిస్తే సున్నం కొడుతున్నారని చంటిపిల్లాడికి కూడా తెలుస్తుంది. దీపావళికి కనిపిస్తే ఏమిటని అర్థం? మా వీధికి ఒకటే అర్థం తెలుసు. సోలారోళ్లు పోయారు.

నేను మిద్దె మీద ఒడియాలు పెడుతున్నాను. కింద జరిగిందంతా చూశాను. ముందు మా అత్త బయటికొచ్చి తిట్టింది. ఎదురింటి పక్కనుండే ఆయన కూడా వచ్చి తిట్టాడు. ఈయన తిరుమణి దగ్గర పొలం సోలార్ పార్కుకు కౌలుకిచ్చి ఆ డబ్బుతో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, అందుకే తిరుమణి ఆయన అంటాం. అక్కడ ఈయన నేల మీద పలకలు ఎండలో నిలబడి సంపాదిస్తాయి, ఇక్కడ ఈయన నీడలో కుర్చీ వేసుకుని వీధికి పెద్దమనిషిగా ఉంటాడు. ఆయన తిట్టడంతో మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది.

అప్పుడే గోనెసంచితో ఆమె వచ్చింది. సామాను చూసి ఆగింది. "పెద్దమ్మా, ఇయ్యన్నీ పారేసినేవా?" అని మా అత్తను అడిగింది.

"ముట్టొద్దు. ఇంగా ఏందో ఎట్లో తెలీదు. రేపొచ్చి చూడుపో" అంది మా అత్త.

ఆమె "సరే పెద్దమ్మా" అని వెనక సందులోకి వెళ్లిపోయింది. అటు ఆమె మలుపు తిరిగిందో లేదో, ఇటు అడ్డం తీయడం మొదలైంది. స్టీలు డబ్బాలు, చెక్క పీట మా ఇంట్లోకి వచ్చాయి. మిక్సీ తిరుమణి ఆయన ఇంట్లోకి పోయింది. తివాచీ, కుర్చీలు, ప్లాస్టిక్ డ్రమ్ము, కర్టెన్లు, గోడగడియారం తలా ఒక గేటు చూసుకున్నాయి. నేను మిద్దె మీదనుంచే, "అత్తా, వాళ్లు ఖాళీ చేసినారో లేదో కనుక్కోండి" అన్నాను. "నువ్వు ఒడియాలు చూసుకో, కాకులు తింటాయి" అంది. కాకులు కిందనే ఉన్నాయని అనాలనిపించింది.

మధ్యాహ్నం దాటాక కారు వచ్చి ఆగింది.

ఇంజినీరు పెళ్లాం నుదుట గుడిలో పెట్టిన కుంకుమ ఇంకా చెదరలేదు. గోడవార చూసింది, మొగుణ్ణి చూసింది, ఏడుపు మొదలుపెట్టింది. పాప తన సైకిలు ఉందని సంబరపడి దాన్ని పట్టుకుని నిలబడింది. అప్పటికి వీధంతా తలుపుల దగ్గర చేరింది. ఏమైందమ్మా అని అందరూ అడిగేవాళ్లే. ఆ ఇంజినీరు వచ్చీరాని కన్నడంలో సంగతి చెప్పి, పోలీసులను పిలుస్తానని ఫోను తీశాడు.

ఆ మాటకు మా వీధి ముఖం మారింది. పోలీసులు వస్తే ఇళ్లలోకి వస్తారు. ఇళ్లలోకి వస్తే పసుపునీళ్లు ఇంకా ఆరని డబ్బాలు కనిపిస్తాయి. తిరుమణి ఆయన ముందుకొచ్చి ఇంజినీరు చెయ్యి పట్టుకున్నాడు.

"పోలీసులెందుకప్పా? దొంగ ఎవరో నాకు తెల్సు. పొద్దున గోనెసంచి ఏసుకోనొచ్చి చూసిపాయ కదా, ఆయమ్మే. యాడికీ పోదు, నేను పిల్చుకొస్తా" అని బైకు తీశాడు.

ఆమె ఆటోల దగ్గర నిలబడి ఉందట. బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చి, వీధి నడిమిట్లో దించాడు. సంచి లాక్కుని తలకిందులు చేశాడు. ఖాళీ సీసాలు, అట్టముక్కలు, ఒక తెగిన చెప్పు, వంగిన ఇనుపచువ్వ రోడ్డు మీద పడ్డాయి. డబ్బాలూ లేవు, మిక్సీ లేదు. అవి ఎక్కడున్నాయో ఆయనకు తెలియదా! అయినా ఆమె చేతిలోని ఫోను గుంజుకుని, "సామాను యాడ దాచినావో చెప్పేదాకా ఇది ఇయ్యను. ఇంగ ఈ వీధిలో కాలు పెడితే కాళ్లు ఇరగ్గొడతా" అన్నాడు.

ఆమె మా అత్త వైపు తిరిగింది.

"పెద్దమ్మా, నువ్వు చెప్పు పెద్దమ్మా. పొద్దున నిన్నే కదా నేను అడిగినేది? నువ్వు ముట్టొద్దంటివి, నేను పోతిని. ఈడికి రావద్దంటే నేను యాడికి పోవల్ల?"

"నాకేం తెల్సమ్మా? నేను పొద్దున దేవునింట్లో ఉంటి" అంది మా అత్త.

దేవుడింట్లో ఉందట. పొద్దున ఆ తిట్లన్నీ దేవుడికే వినిపించి ఉంటాయనిపించింది నాకు. అంతవరకు నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగాను.

"అన్నా, ఒక మాట. పాతసామాన్లామె దేన్ని అమ్ముకుంటాది?" అని తిరుమణి ఆయన్ను అడిగాను.

"ఏమోమ్మా, ఇనుమూ గినుమూ" అన్నాడు.

"మరి ఇనుమంతా ఈడనే ఉండాదే! మంచం ఉండాది, బీరువా ఉండాది. పెనం ఉండాది, బాండలి ఉండాది, పాప సైకిలు ఉండాది. చేత్తో ఎత్తుకోని పోయే పెనం ఇడిసిపెట్టి కర్టెన్లు ఎత్తుకపోతాదా ఆయమ్మ?"

తలుపుల దగ్గర తలలన్నీ గోడవారకు తిరిగాయి.

"ఈపొద్దు శనివారం. శనివారం పూట ఇనుము ముట్టని దొంగలు ఎవరుంటారన్నా మన ఊర్లో? ఆయమ్మకు శనివారం లేదు, ఆదివారం లేదు. శనివారం ఉండేది మనకే. నా నోటితో పేర్లు చెప్పించద్దు. మా ఇంటితోనే మొదలుపెట్టల్సి వస్తాది."

మా అత్త నన్ను చూసిన చూపు నేను ఎన్నటికీ మరిచిపోను. నాకు భయం వేసింది, సంతోషమూ కలిగింది. ఇంజినీరుకు మా మాటలు ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు కానీ, మంచాన్ని, పెనాన్ని, మమ్మల్ని మార్చిమార్చి చూశాడు. అతని చేతిలో ఫోను అలాగే ఉంది.

అప్పుడు మా అత్త నోరు విప్పింది. "వానొస్తాదేమో, తడుస్తాయేమో అని లోపల పెట్టినామప్పా. ఇంతోటిదానికి దొంగలూ గింగలూ అని పెద్ద మాటలెందుకు?"

వాన! ఏడాది పొడుగునా ఎండ తప్పదని నమ్మి దేశమంతటి కంపెనీలూ వచ్చి పలకలు పరుచుకున్న తాలూకా ఇది. ఆ మధ్యాహ్నం ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. అయినా వీధంతా ఆ వాన కిందికి పరుగెత్తుకొచ్చి తలదాచుకుంది. ఔనప్పా, వానకే. మేమూ వానకే. తివాచీ తడిస్తే పనికిరాదు కదా. మరి వానకు తుప్పు పట్టేది ఇనుమే కదా, దాన్నెందుకు బయట వదిలేశారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, మా అత్త చూపు ఇంకా నా మీదే ఉంది.

ఒక్కొక్క గేటు తెరుచుకుంది. డబ్బాలు వచ్చాయి, కడిగి తుడిచి, ఇంజినీరు ఇంట్లో ఎన్నడూ మెరవనంతగా మెరుస్తూ. కుర్చీల కాళ్లకు పసుపు మరకలున్నాయి. తిరుమణి ఆయన మిక్సీ తెచ్చి, "జాగ్రత్తప్పా, బయట పెట్టద్దండి, కాలం బాగలేదు" అని బుద్ధి కూడా చెప్పాడు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని అందరికీ దండం పెట్టింది. పిచ్చిపిల్ల, నిజంగానే దాచిపెట్టామనుకుంది. దీపావళికి ఇంటింటికీ మిఠాయి పంపింది. మా వీధి ఆ మిఠాయి తిని, నెయ్యి మంచిది కాదని తేల్చింది.

రాయచెర్లు ఆమె రోడ్డు మీద కూర్చుని తన సీసాలు ఏరుకుంటోంది. తిరుమణి ఆయన ఫోను ఆమె పక్కన నేల మీద పెట్టి పోయాడు, చేతికి కూడా ఇవ్వలేదు. తప్పైపోయిందన్న ముక్క ఎవరి నోటా రాలేదు. నేను వంగి ఒక సీసా అందివ్వబోయాను.

"వద్దులేమ్మా. నేను ఎత్తుకుంటా" అంది, నా ముఖం చూడకుండా.

ఆ రోజునుంచి మా అత్త నాతో మాటలు మానేసింది. ఏదన్నా చెప్పాలంటే గోడకు చెప్పేది. మా ఆయన అంగడినుంచి వచ్చి, ఇంటి పరువు వీధిలో పెట్టానన్నాడు. వీధిలో పెట్టిన దేన్నైనా మీ అమ్మ లోపలికి తెచ్చుకుంటుంది కదా, పరువును కూడా తెచ్చుకోమనండి అన్నాను. అన్నం తినకుండా లేచిపోయాడు. మళ్లీ ఆకలేసి ఆయనే వచ్చాడు.

పాతసామాన్లామె రావడం మానేసింది. మొదట్లో వీధికి అది మంచిదే అనిపించింది, శని వదిలిందన్నారు. తర్వాత పాత సామాను పేరుకుపోయింది. ఇంటింటా మెట్ల కింద పగిలిన బకెట్లు, తుప్పు రేకులు, పాడైన బ్యాటరీలు. ఇంకెవరూ వచ్చి తీసుకుపోలేదు. ఆ వీధికి పోతే సంచి గుంజుకుంటారంట అని ఊళ్లో ఏరుకునేవాళ్లందరికీ తెలిసిపోయిందట. మా వీధికి ఉన్న పేర్లలో అదొక్కటే నిజమైనది.

ఉగాదికి ముందు సున్నాలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున ఆమె గొంతు వినిపించింది. "పాత సామాన్లూ" అని. అందరం తలుపుల్లోకి వచ్చాం. ఆమె వీధిలోకి రాలేదు. పెద్ద రోడ్డు మలుపులో, మా వీధి మొదలయ్యే చోటికి అవతల నిలబడి ఉంది. రామ్మా లోపలికి అని ఒకరిద్దరు చెయ్యి ఊపారు. ఆమె అక్కణ్నుంచి కదల్లేదు.

"ఈడికే తెచ్చియ్యండి. నేను లోపలికి రాను" అని కేకేసింది.

మా వీధి ఆడవాళ్లు నడివీధిలో చెత్త మోసుకుంటూ పోవడమా! కానీ సున్నం కొట్టేవాడు నిచ్చెనతో సిద్ధంగా ఉన్నాడు, మెట్ల కింద అడుగు పెట్టే చోటు లేదు. చివరికి మా అత్తే కదిలింది. పాత నీళ్ల హీటరు ఒకటి రెండు చేతులతో పట్టుకుని, కొంగు దోపుకుని, ఆ ఎండలో వీధి పొడుగునా నడిచిపోయింది. దారిలో ప్రతి గేటూ ఆమెను చూసింది.

మలుపు దగ్గర హీటరు కింద పెట్టబోయింది.

"కింద పెట్టద్దు పెద్దమ్మా. నా చేతికియ్యి" అంది ఆమె, వీధంతా వినపడేలా. అయితే చెయ్యి చాపలేదు. "ఊరికే కాదు, నలుగురినీ పిలువు. వాళ్లు చూస్తాంటే ఇయ్యి. రేపు దేవునింట్లో ఉంటి అంటే నాకు కష్టమైతాది."

మా అత్త హీటరు పట్టుకుని అలాగే నిలబడింది. బరువుకు జారిపోతున్న హీటరును మోకాలితో పైకి ఎత్తుకుంది. వెనక్కి తిరిగి వీధిని చూసింది. మనుషులు తలుపుల్లోంచి వెనక్కి జరిగారు. తిరుమణి ఆయన కుర్చీ ఎత్తుకుని లోపలికి పోయాడు. అప్పుడు, అన్ని నెలల తర్వాత మొదటిసారి, మా అత్త నన్ను పిలిచింది.

"అమ్మీ, ఒక్క తూరి ఈడికి రా. వచ్చి నిలబడితే చాలు."

పొయ్యి మీద పాలు ఉన్నాయి అత్తా అని గుమ్మంలోంచే చెప్పాను. పొయ్యి మీద ఏమీ లేదు.